‘ఇష్యూ’ అంటే ప్రతిసారీ సమస్య కాదు: కాగితాన్ని బట్టి అర్థం తేల్చుకోవడం ఎలా?

పాస్‌పోర్టులో ‘డేట్ ఆఫ్ ఇష్యూ’ అంటే ఏ తేదీ? పెళ్లి ప్రకటనలో ‘నో ఇష్యూస్’ అంటే గొడవలేమీ లేవనా? కోర్టు యాప్‌లో మా కేసు ఎదురుగా ‘ఇష్యూస్’ అని పడింది, ఏమైనా తేడా వచ్చిందా? ఈ మూడూ తరచూ ఎదురయ్యే ప్రశ్నలు. అడిగేవాళ్లు వేరు, చిక్కు మాత్రం ఒకటే. మాట్లాడే తెలుగులో ఇష్యూ అంటే గొడవ, సమస్య అని స్థిరపడిపోయింది. ‘అదో పెద్ద ఇష్యూ అయింది’, ‘నెట్‌వర్క్ ఇష్యూ’ అంటూ రోజూ వాడతాం. దాంతో ఇంగ్లీషు కాగితంలో ఆ మాట కనబడగానే మనసు సమస్య వైపే పోతుంది. నిజానికి ఈ మాట మోసే అర్థాల్లో అది ఒకటి మాత్రమే. ఆస్తి కాగితాల్లో, గుర్తింపు పత్రాల్లో అయితే దాదాపు ఎప్పుడూ అది కాదు.

కావలసినవి: అసలు కాగితం లేదా దాని పూర్తి ఫొటో (మాట ఉన్న ఒక్క లైను కత్తిరించి పంపితే లాభం లేదు), పెన్సిలు, దిగువ ఇచ్చిన ఆరు తెలుగు మాటలు. నిఘంటువు ఉంటే మంచిదే. అయితే అందులో మొదట ఉన్న అర్థాన్ని పట్టుకుని అతికించొద్దు.

ఆరు మాటలు ఇవి: జారీ, సంచిక, సంతానం, విచారణాంశం, వాటాల విడుదల, సమస్య.

సిద్ధాంతం ఒక్క ముక్క చాలు. ఈ మాట లాటిన్‌లో ‘బయటికి వెళ్లడం’ అనే అర్థమున్న క్రియ నుంచి పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. ఆఫీసు నుంచి బయటికొచ్చిన పత్రం జారీ. అచ్చు నుంచి బయటికొచ్చిన ప్రతి సంచిక. కడుపున పుట్టినవాళ్లు సంతానం. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో పన్నెండేళ్లుగా బాధపడుతున్న స్త్రీకి ఉన్నది ‘ఇష్యూ ఆఫ్ బ్లడ్’. తెలుగు బైబిలు దాన్ని రక్తస్రావం అంది. అక్కడా బయటికి రావడమే. ఉచ్చారణ ఇష్యూ, ఇస్యూ, ఇషూ అని మూడు రకాలుగా వినిపిస్తుంది. మూడూ ఒప్పే.

1. మాటను వదిలి, ముందు కాగితాన్ని చూడండి

పైనున్న శీర్షిక, ముద్ర, ఇచ్చినవారి పేరు చదవండి. పాస్‌పోర్టు, లైసెన్సు, ధ్రువపత్రం అయితే జారీ. దస్తావేజు, వీలునామా, వారసత్వ పత్రం అయితే సంతానం కావచ్చు. కోర్టు కాగితమైతే జారీ, విచారణాంశం రెండూ రావచ్చు. కంపెనీ ప్రాస్పెక్టస్ (వాటాలు అమ్మే ముందు ఇచ్చే వివరాల పత్రం) అయితే వాటాల విడుదల. ఈమెయిలు, సాఫ్ట్‌వేర్ టికెట్టు (లోపమో పనో నమోదు చేసే చీటీ) అయితేనే సమస్య అనే అర్థాన్ని మొదట పెట్టుకోవాలి.

2. పక్క మాటల కింద గీత గీయండి

ముందూ వెనకా రెండేసి మాటల కింద గీత గీస్తే సగం పని అయిపోతుంది.

‘ఇష్యూడ్ బై’ తర్వాత ఇచ్చినవారి పేరు వస్తుంది, ‘ఇష్యూడ్ టు’ తర్వాత పుచ్చుకున్నవారి పేరు. ఈ రెండూ తారుమారు చేసి నింపిన ఫారాలు కొల్లలు. ‘ఇష్యూయింగ్ అథారిటీ’ అని ఉన్నచోట మీ పేరు రాయకూడదు. లైసెన్సుకైతే రవాణా శాఖ కార్యాలయం, కుల ధ్రువపత్రానికైతే తహసీల్దారు.

‘ఇష్యూ విత్’ దగ్గర జాగ్రత్త. ‘ఐ హావ్ ఎన్ ఇష్యూ విత్ ద బిల్’ అంటే బిల్లుతో పేచీ ఉందని. ‘హి వాజ్ ఇష్యూడ్ విత్ ఎ నోటీస్’ అంటే అతనికి నోటీసు ఇచ్చారని మాత్రమే. రెండోది బ్రిటిష్ వాడుక, మన ప్రభుత్వ ఉత్తరాల్లోనూ కనిపిస్తుంది. ‘నోటీసుతో అతనికి సమస్య వచ్చింది’ అని తెలుగు చేస్తే మొత్తం చెడింది.

‘టేక్ ఇష్యూ విత్’ అంటే విభేదించడం, కాదనడం. ‘టేక్ అప్ ద ఇష్యూ విత్’ అంటే ఆ సంగతి ఫలానావారి దృష్టికి తీసుకెళ్లడం. మధ్యలో చిన్న ‘అప్’ చేరితే మనిషి ప్రత్యర్థి నుంచి అర్జీదారుగా మారిపోతాడు. పై అధికారికి ఉత్తరం రాసేటప్పుడు ఏది రాస్తున్నారో రెండుసార్లు చూసుకోండి.

3. ‘బయటికి వచ్చింది ఏమిటి?’ అని అడగండి

జవాబుగా వచ్చిన తెలుగు మాటను వాక్యంలో పెట్టి చదవండి. ‘డేట్ ఆఫ్ ఇష్యూ’ దగ్గర ‘సమస్య తేదీ’ అని పెడితే నవ్వొస్తుంది. ‘జారీ తేదీ’ అంటే కుదురుతుంది. ఆరు మాటల్లో రెండు కుదిరినట్టు అనిపిస్తే ఆ పేరా మొత్తం చదవండి. ఒక్క లైనుతో తేల్చేయకండి.

4. జారీ తేదీ: ఫారాలు నింపేవారు ఇక్కడ ఆగాలి

మన పాస్‌పోర్టులో ఫొటో ఉన్న పేజీ మీద జారీ చేసిన చోటు, జారీ తేదీ, గడువు తేదీ ఉంటాయి. పెద్దవాళ్ల పాస్‌పోర్టు పదేళ్లు చెల్లుతుంది. గడువు సరిగ్గా ఒక రోజు ముందు ముగుస్తుంది. జారీ 12-03-2019 అయితే గడువు 11-03-2029. మీరు నింపిన రెండు తేదీల్లో రోజు అంకె ఒకటే అయిందంటే ఎక్కడో పొరపాటు రాశారన్నమాట. పిల్లల పాస్‌పోర్టుకి ఈ పదేళ్ల లెక్క పెట్టొద్దు, అది సాధారణంగా ఐదేళ్లే.

ఎక్కువమంది తప్పు చేసేది చివరి పేజీ దగ్గర. తల్లిదండ్రుల పేర్లు, చిరునామా ఉండే ఆ పేజీలో పాత పాస్‌పోర్టు నంబరు, దాని జారీ తేదీ, చోటు కూడా అచ్చవుతాయి. తొందరలో ఆ పాత తేదీని వీసా ఫారంలోకి ఎక్కిస్తారు. నంబరు కొత్తది, తేదీ పాతది అయ్యి కూర్చుంటుంది. ఫొటో పేజీలో ఉన్నదే రాయాలి.

‘ప్లేస్ ఆఫ్ ఇష్యూ’ అంటే మీరు వేలిముద్రలు ఇచ్చిన ఊరు కాదు. నిజామాబాద్ సేవా కేంద్రానికి వెళ్లి దరఖాస్తు చేసినా పాస్‌పోర్టు ఇచ్చేది హైదరాబాద్ ప్రాంతీయ కార్యాలయం. అచ్చులో ఏ ఊరుంటే ఆ ఊరే రాయండి, అక్షరం మార్చొద్దు.

ఇంకో మాట, ‘రీఇష్యూ’. పాస్‌పోర్టు రెన్యువల్ కోసం వెతికేవారికి వెబ్‌సైటులో ఆ పేరు కనబడక ‘ఫ్రెష్’ నొక్కేస్తుంటారు. ఇంతకుముందు పాస్‌పోర్టు ఉన్నవారెవరైనా, గడువు తీరి ఎన్నేళ్లయినా, పుస్తకం పోయినా, చిరిగినా, పేజీలు నిండినా, పేరు మార్చుకున్నా ఎంచుకోవాల్సింది ‘రీఇష్యూ’నే. మొట్టమొదటిసారి తీసుకునేవారికే ‘ఫ్రెష్’. రీఇష్యూ అన్నారు కదా పాత నంబరే వస్తుందనుకోవద్దు. నంబరు, జారీ తేదీ రెండూ మారతాయి. బ్యాంకులోనూ విదేశీ పత్రాల్లోనూ మార్పించుకోవాలి.

డ్రైవింగ్ లైసెన్సు మీద రెండు జారీ తేదీలు ఉంటాయి. ‘ఇష్యూ డేట్’ ఇప్పుడు చేతిలో ఉన్న కార్డుది. ‘డేట్ ఆఫ్ ఫస్ట్ ఇష్యూ’ మొట్టమొదట లైసెన్సు వచ్చిన రోజు. కార్ల బీమావాళ్లు, విదేశాల్లో కారు అద్దెకిచ్చేవాళ్లు ఎన్నేళ్ల అనుభవం అని అడిగితే చూపాల్సింది ఈ రెండోది. మొన్న రెన్యువల్ చేసిన తేదీ చెప్తే పదిహేనేళ్లు బండి నడిపినవారు కూడా కొత్త డ్రైవరు కిందికి వస్తారు.

జనన ధ్రువపత్రంలో ఏకంగా మూడు తేదీలు: పుట్టిన తేదీ, నమోదు తేదీ, జారీ తేదీ. నమోదు ఒక్కసారే జరుగుతుంది. కొత్త కాపీ తీసుకున్న ప్రతిసారీ జారీ తేదీ మారుతుంది. పుట్టుక సంగతి 21 రోజుల్లోపు తెలపాలన్న నియమం నమోదుకి సంబంధించింది. అమెరికాలో గ్రీన్ కార్డుకి దరఖాస్తు చేసే మనవాళ్లని ఆందోళన పెట్టేది కూడా నమోదు తేదీయే. పుట్టిన చాలాకాలానికి నమోదై ఉంటే అదనపు ఆధారాలు అడుగుతారు. పోయిన నెలలో తీసుకున్న కాపీ మీది జారీ తేదీ చూసి ‘నాది ఆలస్యపు నమోదు’ అని కంగారు పడొద్దు.

కార్డు చెల్లింపు ఆగిపోయి తెరమీద ‘డిక్లైన్డ్ బై ఇష్యూయర్’ అని వస్తే దుకాణదారుతో వాదన దండగ. ఇష్యూయర్ అంటే మీకు కార్డు ఇచ్చిన బ్యాంకు. ఫోను చేయాల్సింది అక్కడికే. రూపే, వీసా లాంటి పేర్లు ఇష్యూయర్లు కావు, అవి నెట్‌వర్కులు.

5. సంతానం: ఆస్తి కాగితాలు, పెళ్లి ప్రకటనలు

‘డైడ్ వితౌట్ ఇష్యూ’ అంటే నిస్సంతుగా చనిపోయారు అని. మన పాత దస్తావేజుల్లో ఉన్న మాటే ఇది, అక్షరాలా సరిపోతుంది. ‘ఏ సమస్యా లేకుండా చనిపోయారు’ అని అనువదిస్తే వారసత్వ వివాదంలో ఆ కాగితం ఎందుకూ పనికిరాదు.

ఇక్కడొక సూక్ష్మం ఉంది. చట్టం భాషలో ఈ మాట కన్నబిడ్డల దగ్గర ఆగదు. మనవలు, మునిమనవలు కూడా అందులోకి వస్తారు. ఒకాయన కొడుకు ఆయనకంటే ముందే పోయాడు, ఆ కొడుక్కి ఒక పాప ఉంది. అప్పుడు ఆయన చనిపోయినా ‘వితౌట్ ఇష్యూ’ అనకూడదు, మనవరాలు ఉంది కాబట్టి. ‘పిల్లలు లేకుండా’ అని తెలుగు చేస్తే ఈ తేడా మాయమైపోతుంది. నిస్సంతు అన్న మాటే భద్రం. అమెరికాలో వీలునామా రాయించుకునే తెలుగువారికి ‘టు మై ఇష్యూ’ అనే పదబంధం ఎదురవుతుంది. అందులోనూ తరతరాల సంతతి అంతా ఉంటుంది. మీ ఉద్దేశం బిడ్డలకు మాత్రమే అయితే సంతకానికి ముందే లాయరుకి చెప్పండి.

ఈ అర్థంలో మాట మామూలుగా ఏకవచనంలోనే ఉంటుంది, ముందు ‘ఎన్’ రాదు. మన దేశపు పిటిషన్లలో మాత్రం ‘టూ ఇష్యూస్ వర్ బార్న్’ అని రాస్తుంటారు. ఇక్కడ అందరికీ అర్థమవుతుంది. అదే ధోరణిలో విదేశంలో ఎవరితోనైనా ‘వి హావ్ టూ ఇష్యూస్’ అంటే ఇంట్లో రెండు గొడవలున్నాయని జాలిపడతారు. అక్కడ ‘చిల్డ్రన్’ అనండి.

పెళ్లి ప్రకటనలో ‘డివోర్సీ, నో ఇష్యూస్’ లేదా ‘ఇష్యూలెస్’ అంటే మొదటి పెళ్లి వల్ల పిల్లలు లేరని. కోర్టు గొడవలు తేలిపోయాయా అన్నది ఆ మాట చెప్పదు, విడిగా అడగాల్సిందే.

6. కోర్టు కాగితంలో రెండర్థాలు

సివిల్ దావాలు ఎలా నడవాలో చెప్పే సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోనే ఈ మాట రెండు చోట్ల రెండు రకాలుగా ఉంది. అందులోని అధ్యాయాలను ‘ఆర్డర్’ అంటారు. ఆర్డర్ 5లో సమన్ల ‘ఇష్యూ’ అంటే జారీ. ఆర్డర్ 14లోని ‘ఇష్యూస్’ విచారణాంశాలు. ఒకరు అవునన్న ముఖ్యమైన సంగతిని ఇంకొకరు కాదంటే అక్కడ ఒక ఇష్యూ పుడుతుంది. వాదపత్రం, దానికి ప్రతివాది ఇచ్చిన జవాబు చదివి జడ్జి వాటిని ఖరారు చేస్తారు. కొన్ని వాస్తవానికి సంబంధించినవి, కొన్ని చట్టానికి సంబంధించినవి.

గుర్తుపట్టడం తేలిక. ఇవి ‘వెదర్’ అనే మాటతో మొదలవుతాయి, తెలుగులో ప్రశ్నలుగా ముగుస్తాయి. ‘వాది కోరిన విధంగా శాశ్వత ఇంజంక్షన్ (నిషేధ ఉత్తర్వు) పొందడానికి అర్హుడా?’ ఈ తరహాలో ఉంటాయి. వరుసలో ఆఖరున తరచుగా ‘టు వాట్ రిలీఫ్?’ అని కనిపిస్తుంది. చివరికి ఎవరికి ఏం దక్కాలి అన్నది దాని భావం.

కాబట్టి ఈకోర్ట్స్ యాప్‌లో మీ కేసు దశ ‘ఇష్యూస్’ అని ఉంటే కంగారు పడనక్కర్లేదు. జవాబులు దాఖలయ్యాయి, విచారణాంశాలు ఖరారు చేసే దశకి వచ్చింది, తర్వాత సాక్ష్యాలు. అయితే తీరిగ్గా కూర్చునే సమయమూ కాదు. మీకు కీలకమైన అంశం ఆ జాబితాలో లేకపోతే అదనపు ఇష్యూ చేర్చమని అడగాలి. జాబితా కాపీ తీసుకుని వకీలుతో కలిసి చదవండి. ‘ఇష్యూ నోటీస్’ అని ఉంటే మాత్రం అవతలివారికి నోటీసు పంపమని కోర్టు చెప్పిందని, ‘సమన్స్ ఇష్యూడ్’ అని ఉంటే కాగితం పంపారని అర్థం. పంపారు అంటే అందిందని కాదు. అందిన సంగతి ‘సర్వ్‌డ్’ అనే మాట చెప్తుంది.

7. షేర్ల భాషలో

‘ఇష్యూ క్లోజెస్ ఆన్ ఫ్రైడే’ అంటే శుక్రవారంతో సమస్య తీరిపోతుందని కాదు, పబ్లిక్ ఇష్యూకి, అంటే కంపెనీ ప్రజలకు అమ్మే వాటాలకి, దరఖాస్తు గడువు ముగుస్తుందని. ప్రాస్పెక్టస్‌లో రెండు మాటలు విడిగా చూడండి. ‘ఫ్రెష్ ఇష్యూ’ అయితే కొత్త వాటాలు పుడతాయి, డబ్బు కంపెనీకి వెళ్తుంది. ‘ఆఫర్ ఫర్ సేల్’ అయితే ఉన్న వాటాదారులు అమ్ముకుంటారు, డబ్బు వాళ్ల జేబులోకి. మొత్తం ఇష్యూ సైజు చూసి కంపెనీకి అంత సొమ్ము వస్తోందనుకోవడం చాలామంది చేసే పొరపాటు.

‘ఇష్యూ ప్రైస్’ మీకు కేటాయించిన ధర, ‘లిస్టింగ్ ప్రైస్’ ఎక్స్ఛేంజిలో మొదటి రోజు మొదలైన ధర, ‘ఫేస్ వాల్యూ’ కంపెనీ తన లెక్కల్లో వాటాకి పెట్టుకున్న ముఖవిలువ. మూడూ మూడు అంకెలు. బోనస్ ఇష్యూ 1:5 అంటే మీ దగ్గరున్న ప్రతి ఐదింటికీ ఒకటి ఉచితం. రైట్స్ ఇష్యూ (ఉన్న వాటాదారులకే ముందుగా అమ్మజూపడం) 1:5 అన్నా నిష్పత్తి అదే, కాకపోతే డబ్బు కట్టాలి.

8. సంచిక, అరువు, స్టోర్సు

‘వాల్యూమ్ 12, ఇష్యూ 3’ అంటే సంపుటి 12, సంచిక 3. ‘బ్యాక్ ఇష్యూ’ పాత సంచిక, ‘స్పెషల్ ఇష్యూ’ ప్రత్యేక సంచిక. ఎడిషన్ వేరు, దాన్ని దీంతో కలపకండి: ఒకే రోజు పేపరుకి జిల్లాకో ఎడిషన్ ఉంటుంది. లైబ్రరీలో పుస్తకం ఇష్యూ చేశారంటే ఇంటికి తీసుకెళ్లనిచ్చారని. ఇది మన దేశంలో బాగా నలిగిన వాడుక, అమెరికాలో దీన్ని ‘చెక్ అవుట్’ అంటారు. ఫ్యాక్టరీ స్టాకు రిజిస్టరులో రిసీట్, ఇష్యూ, బ్యాలెన్స్ అని గళ్లుంటాయి. ఇష్యూ గడిలో రాసేది స్టోర్సు నుంచి బయటికిచ్చిన సరుకు. పాడైన సరుకు వివరం ‘సమస్య’ అనుకుని అక్కడ రాస్తే నిల్వ లెక్క తప్పుతుంది.

9. సమస్య అనే అర్థంలో వాడేటప్పుడు

ఈమెయిల్లో ‘దేర్ ఈజ్ ఎన్ ఇష్యూ’ అని రాసి ఊరుకుంటే చదివేవారికి ఏమీ తెలియదు. ఎక్కడ, ఎప్పటి నుంచి, ఏం జరగాల్సింది, ఏం జరుగుతోంది అన్న నాలుగూ రాయండి. సాఫ్ట్‌వేర్‌లో, ప్రోగ్రాముల కోడ్ ఉంచుకునే వెబ్‌సైటు గిట్‌హబ్‌లో ‘ఇష్యూ’ అంటే లోపమే అయి ఉండాలని లేదు. కొత్త సదుపాయం కావాలన్న కోరిక, ప్రశ్న, చేయాల్సిన పని ఏదైనా ఇష్యూగానే తెరుస్తారు. ‘నలభై ఓపెన్ ఇష్యూలు’ చూసి ఆ ప్రోగ్రాం నలభై చోట్ల చెడిందనుకోవద్దు.

క్రియగా రాసేటప్పుడు ఒక తప్పు పదే పదే వస్తుంది. తెలుగులో ‘సర్టిఫికెట్ నిన్న ఇష్యూ అయింది’ అంటాం కదా, ఆ ఊపులో ‘ద సర్టిఫికెట్ ఇష్యూడ్ ఎస్టర్‌డే’ అని రాస్తారు. ‘వాజ్ ఇష్యూడ్’ అని ఉండాలి. ‘ఈజ్ ఇష్యూడ్ ఎస్టర్‌డే’ కూడా తప్పే.

10. సరిచూసుకోండి

ఇవి చదివి, జవాబులు చూడకుండా తెలుగులో చెప్పుకోండి.

అ. ‘ద లైబ్రరీ విల్ నాట్ ఇష్యూ ద కరెంట్ ఇష్యూ.’
ఆ. ‘టెనెంట్స్ వర్ ఇష్యూడ్ విత్ నోటీసెస్.’
ఇ. ‘షి టుక్ ఇష్యూ విత్ ద రిపోర్ట్.’
ఈ. ‘ద పాయింట్ ఎట్ ఇష్యూ ఈజ్ ద బౌండరీ.’
ఉ. ‘హి డైడ్ ఇన్ 1987 లీవింగ్ నో మేల్ ఇష్యూ.’

జవాబులు. అ: తాజా సంచికను లైబ్రరీ ఇంటికివ్వదు. ఒకే వాక్యంలో రెండర్థాలు, మొదటిది క్రియ, రెండోది నామవాచకం. ఆ: అద్దెకున్నవారికి నోటీసులిచ్చారు. సమస్య అన్నది మీ జవాబులో ఉంటే రెండో అంచె మళ్లీ చదవండి. ఇ: నివేదికను ఆమె కాదన్నారు. చేపట్టారు అని రాస్తే తప్పు. ఈ: తేలాల్సింది సరిహద్దు సంగతి. ఉ: ఆయన 1987లో మగ సంతానం లేకుండా పోయారు. కూతుళ్లు లేరని ఈ వాక్యం ఎక్కడా చెప్పలేదు. వారసుల జాబితా రాసే ముందు ఆ ఒక్క ప్రశ్న అడిగి తెలుసుకోండి.